మేనమామ గీసిన నడక

మా మేనమామ పోయాడని పొద్దున ఫోన్ వచ్చినప్పుడు నేను నార్కట్‌పల్లిలో నా కుట్టు దుకాణం షట్టర్ లేపుతున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. మా అమ్మకు చెప్పాల్సిన ఒక్క నిజం చెప్పకుండానే తప్పించుకున్నాడు కదా అనిపించింది.

చచ్చినవాని కండ్లు చారెడు అంటారు. బొమ్మల సినిమాకు మన మనుషుల నడక నేర్పిన దర్శకుడని ఇప్పుడు పేపర్ల నిండా రాస్తున్నారు. మీరూ చదివే ఉంటారు. అది అబద్ధమేమీ కాదు. ఆయన రాకముందు మన తెలుగు బొమ్మలు పరాయి దేశపు బొమ్మల్లా గంతులేసేవి. ఆయన బొమ్మలు తలకు రుమాలు చుట్టుకునేవి, కొంగు నడుముకు దోపి వరి నాటుకు దిగేవి. ఆయన గీసిన మేకపిల్ల చెవి విదిలిస్తే అది మా ఊరి మేకపిల్లే. ఆ విద్యకు నేను వంక పెట్టను.

పట్నం పోకముందు ఆయన హైవే మీది దాబాలకు బోర్డులు రాసేవాడు. పని లేని పూట నన్ను బస్టాండుకు తీసుకెళ్లి అరుగు మీద కూర్చోబెట్టేవాడు. "మొఖం చూడకు బిడ్డా, కాళ్లు చూడు. మనిషి నోటితోటి అబద్ధమాడ్తడు గని కాళ్లతోటి ఆడలేడు" అనేవాడు. ఇప్పటికీ ఎవరైనా జాకెట్టు కొలతలివ్వడానికి వస్తే ముందు వాళ్ల నడక చూస్తాను. అది ఆయన పెట్టిన భిక్షే, కాదనను.

మా అమ్మ ఆయనకు సొంత అక్క. మా ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె ఎముకలను తినేసింది. నడుము నేలకు వంగిపోయింది, మెడ పైకి లేవదు. వచ్చినవాళ్లను కాళ్లు చూసే గుర్తుపడుతుంది. ఆమె జాకెట్లు నేనే కుడతాను, వీపు పొడుగు, ముందు పొట్టి. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ మంచి నీళ్ల నల్లా వచ్చింది. వంగిన నడుము మాత్రం వంగినట్టే ఉంది.

ఆ నల్లా వచ్చిన ఏడాదే మామ పట్నం నుంచి వచ్చి, అమ్మను వాకిట్లో నడిపించి ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

"అక్కా, జర మెల్లగ. గా బిందె పట్టుకొని ఒక్కసారి. మళ్లొక్కసారి."

నొప్పికి పళ్లు బిగబట్టి నడుస్తూనే అమ్మ అడిగింది. "గివి పట్నం డాక్టర్లకు చూపెడ్తవా తమ్మీ?"

ఆయన ఫోన్ దించలేదు. "ఆ, చూపెడ్తనక్కా" అన్నాడు.

మరుసటి ఏడు సినిమా వచ్చింది. అందులో ఒక గూని ముసలిది బిందె పట్టుకొని కోడి వెంట పడుతుంది. రాష్ట్రమంతా పడిపడి నవ్వింది. నా దుకాణానికి వచ్చిన ఆడవాళ్లు ఆ నడక నడిచి చూపించి మరీ నవ్వేవాళ్లు. నేను టేపు మెడలో వేసుకుని చూస్తూ నిలబడేదాన్ని. అది మా అమ్మ నడక. ఒక్క రవ్వ తప్పు పోలేదు. బొమ్మలకు ప్రాణం పోశాడని ఆయన్ని పొగుడుతారు. ఎవరి ప్రాణం తీసుకుని పోశాడో నాకు తెలుసు. టీవీ వైపు మెడ ఎత్తలేని అమ్మకు మాత్రం ఆ సినిమా సంగతే తెలియదు.

ఊళ్లో ఆయనకు సన్మానం చేసిన రోజున పక్కకు పిలిచి నిలదీశాను.

"అమ్మను నవ్వులపాలు జేస్తివి గద మామా."

"నవ్విస్తేనే చూస్తరు బిడ్డా. ఏడిపిస్తే టీవీ బంద్ జేస్తరు. గిప్పుడు అక్క బాధ లోకానికి ఎరుకైంది."

"ఏం ఎరుకైంది? గూని ఎరుకైంది. గా నీళ్లు ఎవ్వలకు ఎరుకైనయ్?"

ఆయన మెడలోని శాలువాతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"డాక్టర్ల ముచ్చట అబద్ధమని నువ్వే చెప్పు మామా. ఇంకా ఎదురుచూస్తాంది."

"చెప్త బిడ్డా. మంచిగ కూసోని చెప్త."

చెప్పలేదు. వచ్చిన ప్రతిసారీ అమ్మ "డాక్టర్లు ఏమన్నరు తమ్మీ?" అనేది. ఆయన "చూస్తున్నరక్కా" అని తొవ్వలో కొన్న బత్తాయిల సంచి ఆమె చేతిలో పెట్టి, కూర్చోకుండానే వెళ్లిపోయేవాడు. కారు దిగినప్పటి దర్పం మా గడప దగ్గరకు వచ్చేసరికి ఆ కాళ్లలో ఉండేది కాదు. నువ్వెందుకు చెప్పలేదని మీరు నన్నడగవచ్చు. ఆశ పెట్టినవాడే తియ్యాలి. ఆయన చేసిన పాపానికి అమ్మ ఏడుపు నేనెందుకు చూడాలి?

శవాన్ని ఊరికి తెచ్చారు. షామియానా కింద ఆయన శిష్యులు కుర్చీల్లో కూర్చున్నారు, అందరూ పట్నం పిల్లలు. తన దగ్గర చేరిన ప్రతి ఒక్కరి చేతా ఆయన మొదటి పాఠంగా ఆ గూని నడకనే గీయించేవాడట, వాళ్లే చెప్పుకుంటున్నారు. నేను అమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చాను. ఆమె నడిచి వస్తుంటే ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఒక అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ తమ్ముడి పాదాలు తడిమి తడిమి ఏడ్చింది. ఆ తర్వాత చుట్టూ నిలబడ్డ బూట్లు ఆమె కంటపడ్డాయి.

"గీళ్లేనా బిడ్డా, మీ మామ నన్ను చూపెట్టిన డాక్టర్లు?"

ఆ పిల్లలు నా మొహం చూశారు, నేను శవం మొహం చూశాను.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఫోన్ల సక్కగ కనవడలేదు గావచ్చు సారూ. గిప్పుడు చూడుండ్రి" అని, షామియానా ఈ కొస నుంచి ఆ కొసకు, వాళ్ల ముందు మెల్లగా నడవడం మొదలుపెట్టింది.