లిఫ్టు దాకా నా అడుగులు

ఐటీ ఉద్యోగాలు జోరు మీదున్న రోజుల్లో సింగపూర్ వచ్చిన మనవాళ్ళు ఇల్లు వెతికేటప్పుడు రెండే అడిగేవారు: ట్రైన్ స్టేషన్ ఎంత దూరం, వంట చేసుకోనిస్తారా అని. మేము మాత్రం పార్కింగ్ ఎక్కడ అని అడిగేవాళ్ళం. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకి కారేమిటని స్నేహితులు వెనకాల నవ్వుకున్నారని నాకు తెలుసు. నవ్వుకోనీ.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. కాలికి ఇనప కడ్డీల క్యాలిపర్ కట్టుకుని నడుస్తాను. గేర్లు లేని కారైతే కుడికాలొక్కటీ చాలు. పట్టుబట్టి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. మావారు పాత కారొకటి కొని నాకు వదిలేసి, తను ట్రైన్లో ఆఫీసుకి వెళ్ళేవారు. ఇంట్లోంచి ఆ కారు దాకా ఒక్కదాన్నే వెళ్ళగలిగితే ఊరంతా నాదే. లేకపోతే ఆయన వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవడమే.

ఇళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నన్ను కార్లోనే ఉంచి ఆయన, బ్రోకరు పైకి వెళ్ళేవారు. నీకెందుకు శ్రమ అనేవారు ఆయన. నా కాలు చూస్తే ఓనరు వెనకాడతాడని దాస్తున్నారేమోనని నా అనుమానం. అడగలేదు. అడిగితే అవునంటారేమోనని భయం.

బిషాన్‌లో ఒక ఫ్లాటు చూసి దిగొచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. తూర్పు వాకిలి, ఆ అంతస్తులో లిఫ్టు ఆగుతుంది (ఇక్కడి పాత బ్లాకుల్లో అన్ని అంతస్తుల్లోనూ ఆగదు), కారు నుంచి లిఫ్టుకి నలభై అడుగులే, తనే లెక్కపెట్టారట. బ్రోకరు, ఇక్కడే పుట్టి పెరిగిన తమిళ అంకుల్, అప్పటికే కాగితాలు బయటికి తీశాడు.

నేను కారు దిగాను. అలవాటు ప్రకారం ఆయన ముందు నడిచారు. మా వైపు మొగుడూ పెళ్ళాలు నడిచేదే అలా, ఆయన ముందు, నేను వెనక. గట్టు ఎక్కి, కాలవ దాటి, మూడు మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని, చెమటలు కక్కుతూ నేను లిఫ్టు దగ్గరికి చేరేసరికి నా అడుగులు తొంభై దాటాయి.

“ఆ నలభై మీ అడుగులండీ. రోజూ ఇక్కడ నడవాల్సింది నేను,” అన్నాను. గొంతు లేచింది. అంకుల్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన నా ఎదురుగా కూర్చున్నారు.

“నీకు కష్టమని దింపలేదే గానీ, ఆ కష్టమేంటో నేనెప్పుడూ చూళ్ళేదే,” అన్నారు.

నా అనుమానం గుర్తొచ్చి సిగ్గేసింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

వారం తర్వాత ఆంగ్ మో కియోలో ఇంకో ఫ్లాటు. పడమటి వాకిలి. ఫోనులో అత్తగారు ఏమంటారో ఇద్దరికీ తెలుసు. కానీ అంతస్తుల పార్కింగు నుంచి బ్లాకు లిఫ్టు దాకా పైకప్పున్న దారి ఉంది, మెట్టన్నది లేదు. ఈసారి ఆయనే వచ్చి నా వైపు తలుపు తీశారు. నీ అడుగులు లెక్కపెడదాం పద అన్నారు.

పక్కనే నడిచారు. నా కాలు పడ్డాకే తన కాలు వేస్తూ, పెదవులు కదిలిస్తూ. పెళ్ళయిన ఐదేళ్ళలో ఆయన భుజం నా భుజం పక్కన అంతసేపు ఉండటం అదే మొదలు. ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. లిఫ్టు దగ్గరికొచ్చాక, మధ్యలో లెక్క తప్పానని ఒప్పుకున్నారు.

యాభై రెండని నాకు తెలుసు. చెప్పలేదు.

“అయితే మళ్ళీ మొదటి నుంచి నడుద్దాం పదండి,” అన్నాను.