ఎండాకాలం దాటిన ఎర్ర సాల్వియా

మా చిన్నప్పుడు శివరాత్రి వెళ్ళిందంటే చాలు... తార్నాకలో మా యూనివర్సిటీ తోటలో ఎర్ర సాల్వియా పూలమొక్కలన్నీ పీకించి గేటు పక్కన కుప్ప పోయించేవారు. ఇంకా పూలున్నవాటిని కూడా.

ఆ తోట పెత్తనమంతా బోటనీ మాస్టారిది. మా పక్క క్వార్టరే. మా నాన్న అక్కడే గుమాస్తా... ఎదురు చెప్పే ధైర్యం మాకెక్కడిది?

అప్పుడు నాకు ఐదో తరగతి. కుప్పలోంచి వేళ్ళున్న మొక్కనొకదాన్ని లాగి, తెచ్చి, పెరట్లో జామచెట్టు నీడన నాటాను. మాస్టారు గోడ మీదుగా చూసి నవ్వారు.

"ఏవోయ్, చచ్చినదానికి నీళ్ళు పోస్తున్నావా? ఇది ఒక్క సీజన్ మొక్క. పుస్తకంలో ఉంది. నిన్ను బోటనీలో మాత్రం చేర్చొద్దని మీ నాన్నకు చెప్పు."

అరవై ఏళ్ళవుతోంది... ఒక్క అక్షరం మరిచిపోలేదు.

అమ్మ మెదక్ వైపు పల్లెలో పొలం పని చేసిన మనిషి. "సారుకు పుస్తకం ఎరుక, మనకు మొక్క ఎరుక. తలకాయ కోసెయ్ బిడ్డా, వేరు బలం పట్టుకుంటది" అంది. పూలన్నీ కోసేశాను. జానెడు మోడు మిగిలింది.

ఇక ఎండలు... పొద్దున, సాయంత్రం బియ్యం కడిగిన నీళ్ళు. పైన తడి గోనెసంచి. అయినా ఆకులన్నీ రాలిపోయాయి. ఏడుపు ఆపుకుంటూ గోటితో కాడ గీరి చూస్తే... లోపల పచ్చగా ఉంది! నా అరుపుకు అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

తొలకరికి చిగుర్లు... బోనాలు వెళ్ళేనాటికి ఎర్రటి కంకులు. ఒక పొద్దున తేనెపిట్ట వచ్చి, కంకికి వేలాడి, వంపు ముక్కును ఒక్కో గొట్టం పువ్వులో దూర్చి తాగుతుంటే... ఆ రోజు బడికి పోలేదు. ఎలా పోతాను?

మాస్టారూ వచ్చి చూశారు. "ఇది వేరే జాతి అయి ఉంటుంది" అన్నారు.

"మీరు పీకిచ్చిన కుప్పలకెల్లి తెచ్చిందే సార్" అంది అమ్మ.

ఆయన వెనుదిరిగి వెళ్ళిపోయారు. మరుసటి శివరాత్రికి మళ్ళీ అన్నీ పీకించారు.

కాలేజీలో చేరాక లైబ్రరీలో, మాస్టారు పాఠం చెప్పే ఆ పుస్తకం వెతికి పట్టుకున్నాను. ఒక్క సీజన్ మొక్క అని ఉన్నమాట నిజమే. ఆ కింది వాక్యంలోనే ఉంది... మంచు కురిసే దేశాల్లో అని. తార్నాకలో మంచు ఎప్పుడు కురిసిందో మరి. చూపిద్దామని వెళితే, ఆయన రిటైరై ఊరు వదిలేశారు.

ఇప్పుడు క్యాంపస్‌లో విద్యార్థులు తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ ఒక తోట వేశారు. నిన్న నడకకు వెళితే... వరసగా ఎర్ర సాల్వియాలు, వాటి నిండా తేనెటీగల రొద. శివరాత్రి అయ్యాక పీకేస్తారా అని అక్కడున్న అమ్మాయిని అడిగాను.

"ఎందుకు పీకుతం తాతా? కట్ చేసి ఇడిచిపెడ్తం. మల్ల వస్తయి గదా" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి.

ఇప్పుడిది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి... మా అమ్మతో మాత్రం 'నువ్వు చెప్పిందే నిజం' అని ఒక్కరూ అనలేదు. ఆయన అనలేదు. పుస్తకం చేతిలో పట్టుకుని ఆయన ఇంటికి పరుగెత్తిన నేనూ అనలేదు.

మీ ఇంట్లో మొక్క ఎరిగిన మనిషి ఎవరు? వాళ్ళతో ఆ మాట ఎప్పుడైనా అన్నారా... అన్నవాళ్ళు రాయండి, చదువుకుంటాను.