కంప్యూటరుకు లేసు చొక్కా తొడిగిన తోమాసా

పరాగ్వే దేశంలో మా ఊరు ఇతౌగువా, ఇక్కడ వస్తువులకు కూడా బట్టలు తొడుగుతారు. మంచినీళ్ళ కూజాకు లేసు టోపీ, రేడియోకు లేసు ముసుగు, గ్యాసు బండకు లేసు గౌను. మా ఆడవాళ్ళు సూదితో అల్లే సాలెగూటి లేసును దేశమంతా మెచ్చుకుంటుంది, కాదనను. కానీ మెచ్చుకోలు ఎక్కువైన చోట ఆలోచన తక్కువవుతుంది. మా పక్కింటి తోమాసాయే దానికి సాక్ష్యం.

ఆవిడ ఏడేళ్ళప్పుడు తల్లి పక్కన లేసు చట్రం ముందు కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు. మొగుడు సతుర్నీనో బస్సు డ్రైవరు, బస్సులోనే గుండె ఆగి పోయాడు. ఆనాటి నుంచి ఆ ఇంటికి సూదే మగదిక్కు. ఆవిడ అల్లే జామపువ్వును చూసి తేనెటీగ మోసపోవడం నేను కళ్ళారా చూశాను. ఆవిడ చేతిపనిని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను. బుర్ర గురించి మాత్రం నేనే అంటాను.

అనే అర్హత నాకుంది. నేను చదివింది మూడో తరగతి. ఆ ఏడు గాలివానకు బడి రేకులు లేచిపోయాయి, మళ్ళీ వేసిన నాథుడు లేడు. అక్కణ్ణుంచి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి, తుడిచే పనితో మొదలుపెట్టి కంప్రెసరు మేస్త్రీనయ్యాను. మాకు నడివేసవి అయిన జనవరిలో, నిప్పులు చెరిగే ఎండలో కూడా ఈ ఊళ్ళో ఎవరి తెరెరే కొమ్ములోనూ, అంటే చల్లటి ఆకు కషాయం తాగే కొమ్ములో, ఐసు ముక్క కరువు కాలేదంటే అది నా పనితనం. రాజధాని నుంచి వచ్చిన ఇంజనీర్లు నా కంప్రెసరును చూసి, నిన్న కొన్నదా అని అడిగారు. అరవై దాటాక మున్సిపాలిటీ వాళ్ళు ముసలివాళ్ళకు కంప్యూటరు నేర్పుతామంటే వెళ్ళాను. రెండో వారానికల్లా నేర్పే పిల్లే నా దగ్గరికొచ్చి, ప్రింటరు ఎందుకు మొరాయిస్తోందో చూడమనేది.

లేసు కొనేవాళ్ళు ఫొటోలు పంపమని అడగడం మొదలయ్యాక తోమాసా కూడా ఒక పాత కంప్యూటరు కొంది. ఇంటికి తెచ్చి మొదట ఏం చేసింది? స్విచ్చి వేయలేదు, టేపు తీసి కొలతలు తీసుకుంది. కొన్ని నెలలు కూర్చుని ఆ నల్లడబ్బాకు జామపువ్వుల చొక్కా అల్లింది. కర్రపెండలం గంజి పెట్టి అట్టలా బిగించింది. లేసు కన్నాల్లోంచి నలుపు కనిపిస్తే చావిల్లులా ఉంటుందని లోపల ఎర్ర శాటిన్ లైనింగు కుట్టింది. పైన సాన్ బ్లాస్ దేవుడి బొమ్మను నిలబెట్టింది. ఇక ఆ డబ్బాకు గాలి పీల్చే దారీ లేదు, వదిలే దారీ లేదు. బతికుండగానే పాడె కట్టినట్టు.

ఇదంతా నాకు నవ్వులాటే. ఆవిడకు కాదు. రాజధాని అసున్సియోన్‌లో ఏటా పెద్ద చేతిపనుల సంత జరుగుతుంది. అందులో అంగడి కావాలంటే పని ఫొటోలు కంప్యూటరులోనే పంపాలి. పోయినేడాది గడువు రోజున కంప్యూటరు మొండి ఎద్దులా చతికిలబడింది. ఆ అంగడి పెర్పెతువాకు పోయింది. ఈ పెర్పెతువా ఎవరంటే, ఎక్కడో మిషను మీద తీసిన లేసును మూటల్లో తెప్పించి, మా అమ్మమ్మ అల్లిందని అమ్మే మనిషి. ఈ ఏడు కూడా పోతే చట్రం అటకెక్కించి, ఇపకరైలో ఆడపడుచు వంటింట్లో కర్రపెండలం చెక్కుతూ బతుకుతానని తోమాసా ఊరంతా చెప్పింది. ఆవిడ అన్నమాట చేసే మనిషి. అదే నా భయం.

గడువు శనివారం మధ్యాహ్నం, గుడి గంట కొట్టేలోగా. ఆ పొద్దున్నే తోమాసా మా ఇంటికొచ్చింది.

"ఎలీసెయో అన్నా, ఆర్నుల్ఫో వచ్చి ఇంకోటి ఎక్కించి పోయాడు. నిన్నటికంటే నెమ్మదైంది."

ఆర్నుల్ఫో అంటే బస్టాపు పక్కన కంప్యూటర్ల డాక్టరునని బోర్డు పెట్టుకున్నవాడు.

"ఏం ఎక్కించాడు?"

"వేగం పెంచేదట."

"మొన్న ఎక్కించింది?"

"అదీ వేగం పెంచేదే."

"అంతకు ముందుది?"

"మిగతావాటిని శుభ్రం చేసేదట."

"ఎద్దు బండి లాగలేకపోతుంటే బండి మీదికి ఇంకో ముగ్గురు తోలేవాళ్ళను ఎక్కించాడన్నమాట. పద."

వెళ్ళి లేసు మీద చెయ్యి పెట్టాను. చిపా రొట్టె కాల్చుకోవచ్చు.

"చెల్లెమ్మా, సాన్ బ్లాస్ దేనికి దేవుడు?"

"గొంతుకు. ముల్లు ఇరుక్కున్నా, ఊపిరాడకపోయినా ఆయనే దిక్కు."

"మరి ఆయన్నే తీసుకెళ్ళి దీని గొంతు మీద నిలబెట్టావేం? యంత్రం వేడెక్కితే కాలిపోకుండా తనకు తానే నెమ్మదిస్తుంది. నా కంప్రెసరూ అంతే. ముందు ఈ చొక్కా విప్పు."

"తలుపు వీధిలోకి తెరిచుంటుంది. వచ్చేపోయేవాళ్ళ ముందు దాన్ని బట్టల్లేకుండా నిలబెట్టమంటావా?"

"నిలబెట్టు. దానికి సిగ్గులేదు, ఉన్నదంతా నీకే."

ఇంతలో ఆర్నుల్ఫో దిగాడు. "అత్తా, ఇలా లాభం లేదు. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిద్దాం" అన్నాడు.

"మరి నా ఫొటోలు?"

"పోతాయి. మళ్ళీ తీసుకోవచ్చులే."

అమ్మిన లేసులకు మళ్ళీ ఫొటోలు ఎక్కడి నుంచి తీస్తుంది? తోమాసా ముఖం పాలిపోయింది.

"దగ్గొచ్చిందని తల తీసేసే వైద్యం నీ ఒక్కడికే వచ్చురా నాయనా" అన్నాను. "వెళ్ళి నీ బోర్డుకు రంగు వేసుకో."

"తాతా, ఇది ఐసు కాదు, కంప్యూటరు."

"ఐసయితే ఈపాటికి నీ చేతిలో నీళ్ళయిపోయేది."

వాడు గొణుక్కుంటూ పోయాడు. చెప్పొద్దూ, వాడి వీపు చూస్తే నాకు హాయిగా ఉంటుంది.

అప్పటికి గానీ ఆవిడ చొక్కా తియ్యనివ్వలేదు, అదీ తలుపు దగ్గరగా వేశాక. ప్లగ్గు పీకి పక్క రేకు విప్పాను. లోపల మా ఊరి ఎర్రదుమ్ము చాపలా పరుచుకుంది. దుమ్ములో రంగురంగుల నూలు పోగులు, ఒక పోగు ఫ్యాను ఇరుసుకు చుట్టుకుని బిగుసుకుపోయి ఉంది. ఆ పోగు లాగేసి, ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దులిపి, సైకిలు పంపుతో గాలి కొట్టాను. తరువాత స్విచ్చి వేసి, ఆర్నుల్ఫో ఎక్కించిన ముగ్గురు తోలేవాళ్ళనూ ఒక్కొక్కణ్ణే దింపేశాను. స్విచ్చి వేయగానే తమంతట తామే లేచి కూర్చునే సోమరిపోతులు ఇంకొందరున్నారు. వాళ్ళనూ పడుకోమన్నాను. డిస్కులో ఖాళీ లేదు. ఒకే జామపువ్వుకు నలభై ఫొటోలుంటే ఎందుకుంటుంది? ఆవిడ పక్కన కూర్చుని మంచివి ఏరింది, మిగతావి చెరిపేశాను. డబ్బాను ఆపి మళ్ళీ వేస్తే నేను తెరెరే కొమ్ము నింపుకునేలోగా సిద్ధంగా ఉంది.

"ఇప్పుడు పంపు" అని చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. ఆ ఒక్క పనే తప్పయింది.

తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచుంది. గుమ్మంలో పెర్పెతువా, చేతిలో గిన్నె.

"కాస్త గంజి పొడి ఉంటే ఇస్తావని వచ్చాను తోమాసక్కా. పని జరుగుతోందా? పాపం, పోయినేడు కూడా ఇలాగే కూర్చున్నావు."

కంప్యూటరుకు మళ్ళీ చొక్కా ఎక్కేసింది, లైనింగుతో సహా. పైన సాన్ బ్లాస్. తెర మీద ఆఖరి ఫొటో సగంలో ఆగి ఉంది. గుడి దగ్గర గంటలవాడు మెట్లెక్కుతూ ఉండి ఉంటాడు.

"చెల్లెమ్మా, తియ్యి" అన్నాను.

"ఈవిడ ముందా? చచ్చినా తియ్యను."

"అయితే ఇపకరై వెళ్ళి కర్రపెండలం చెక్కుకో."

ఆవిడ నా వంక చూసింది. పెర్పెతువా వంక చూసింది. బొమ్మను తీసి నా చేతిలో పెట్టి, నడుముకు వేలాడే కత్తెర అందుకుంది. లేసు అంచు ఎత్తి, లైనింగుకు తను వేసిన కుట్లను పటపటా తెంపింది. ఎర్ర శాటిన్ పాము కుబుసంలా జారి నేల మీద పడింది. లేసు లేసులాగే ఉంది. అల్లికలో ఒక్క పోగు కూడా కదలలేదు. కన్నాల్లోంచి వేడిగాలి బుస్సుమని వచ్చి నా మొహానికి తగిలింది.

తెర మీద గీత కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. ఫొటో వెళ్ళిపోయిందని తెర మీద పడ్డాకే గంట మోగింది.

"ఇంతకీ గంజి పొడి ఉందా?" అంది పెర్పెతువా.

"మిషను లేసుకు గంజెందుకమ్మా?" అంది తోమాసా.

అంగడి తోమాసాకే వచ్చింది. కంప్యూటర్లకు లైనింగు లేని చొక్కాలే అల్లి తీసుకెళ్ళింది, ఒక్కటి కూడా మిగల్లేదు. నలుపు మీద తెల్ల జామపువ్వు ఎంత బాగుందో నేను ఆ రోజే చెప్పాను. శాటిన్‌తోనే బాగుండేదని ఆవిడ ఈనాటికీ వాదిస్తుంది. సంతలో అడిగినవాళ్ళందరికీ, సాన్ బ్లాసే మా కంప్యూటరు గొంతు విప్పాడని చెప్పిందట. ఆ సమయానికి ఆ మహానుభావుడు నా చేతిలో ఉన్నాడు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. ఆర్నుల్ఫో ఇప్పుడు లైనింగు తియ్యమని తన సొంత కనిపెట్టుడులా అందరికీ చెబుతున్నాడు. చెప్పి, వేగం పెంచేది ఇంకోటి ఎక్కిస్తున్నాడు.

సంత నుంచి వచ్చిన మర్నాడు ఆవిడ మా ఇంటికి ఒక పొట్లం తెచ్చింది. విప్పితే జామపువ్వుల లేసు, గుండ్రంగా, చుట్టూ తాడుతో.

"ఇది నీ టేబుల్ ఫ్యానుకు, అన్నా. లైనింగు వెయ్యలేదులే" అంది.

గాలి విసిరే ఫ్యానుకు ముసుగు. ఇన్నేళ్ళు నేను చెప్పింది ఆ బుర్రకు ఎక్కింది ఇంతే. ఆవిడ వెళ్ళగానే తీసి పెట్టెలో పెట్టాను. వీధి గేటు చప్పుడైనప్పుడు మాత్రం ఫ్యాను ఆపి, తొడిగి కూర్చుంటాను.