ఘాటీ రోడ్డులో నేను విప్పిన ఇంజను

ఒక మంచి కారునీ, అంతకంటే మంచి ఉద్యోగాన్నీ ఒకే మధ్యాహ్నం పాడుచేసుకోవడం ఎలాగో తెలియాలంటే నన్నడగండి. ఈ విద్యలో మా సాలూరు చుట్టుపక్కల ఈ అప్పన్నని మించినవాడు లేడు.

కలప కాంట్రాక్టరు నాయుడుగారు కారు కొని, అంతవరకు ఆయన ఎడ్లబండి తోలిన నన్ను డ్రైవరుని చేశారు. నెల తిరక్కుండానే నాకు కళ్ళు నెత్తికెక్కాయి. పదేళ్ళు తోలిన ఎడ్లకేసి చూడటం మానేశాను. "సప్పుడు వింటే సాలు, ఇంజను రోగం సెప్పేత్తాను" అని సంతంతా చాటుకున్నాను. నిజానికి నాకు తెలిసిన చప్పుళ్ళు రెండే. ఒకటి కారు కదిలినప్పటిది, రెండోది అది కదలనప్పుడు నాయుడుగారు చేసేది.

అప్పటికే రెండుసార్లు కారుని దారిలో నిలబెట్టేశాను. "మూడోసారి ఆగిందా, మల్లీ ఎడ్లబండే నీకు" అన్నారాయన.

ఆ రోజు పాచిపెంట పైన కొండల్లో ఒక గూడెం దగ్గర ఆగాం. ఆయన కలప చూసుకుని వచ్చేదాకా నేను చెట్టునీడన కునుకు తీశాను. తిరిగి బయల్దేరి ఘాటీ దిగుతుంటే మొదలైంది. టొక్కు, టొక్కు, టొక్కు.

"ఏటిరా ఆ సప్పుడు?"

నేను నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకున్నాను.

"ముందు కల్లు తెరిసి తోలరా," అన్నారు నాయుడుగారు.

"పిస్టను వదులైపోనాది బాబూ. బేగి సూడకపోతే పగిలిపోద్ది."

రెండో మలుపులో కారాపాను. ఇంజను తిరుగుతూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. బుద్ధున్నవాడైతే అక్కడ కాస్త ఆలోచించేవాడు.

"సప్పుడు ఆగిపోనాది కదరా?"

"దొంగ సప్పుడు బాబూ. మనం సూత్తన్నామని దాక్కుంది."

ఇంజను ఆపి బానెట్టు ఎత్తాను. ప్లగ్గులు తీశాను. కనబడిన నట్టునల్లా విప్పి నాయుడుగారి కండువా మీద పరిచాను. కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరుకుతుంది, నాకు అదీ దొరకలేదు. అన్నీ తిరిగి బిగించేసరికి నాలుగు నట్లు, ఒక స్ప్రింగు మిగిలిపోయాయి.

"ఇవేటిరా?"

"కంపినీవోల్లు ఎక్కువిచ్చినట్టున్నారు బాబూ."

కారు ముందు హ్యాండిలు పెట్టి తిప్పాను. చేతులు పడిపోయేదాకా తిప్పాను. కారు ఉలకలేదు, పలకలేదు. నా ఉద్యోగం ఆ స్ప్రింగు పక్కనే కండువా మీద పడుందని తెలిసి నిజంగా ఏడుపొచ్చింది.

అంతలో పైనుంచి మళ్ళీ టొక్కు, టొక్కు. నేను ఉలిక్కిపడి కారుకేసి చూశాను. అది కదలడం లేదు. గూడెం తాత ఒకాయన జత ఎడ్లతో మలుపు తిరిగాడు. ఎడ్ల మెడల్లో కర్ర గంటలు. ఆయన తిన్నగా కారు వెనక్కి వెళ్ళి, వంగి, ఇరుసు కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"ఉంది, ఊడిపోలేదు," అన్నాడు తృప్తిగా.

నేనూ వంగి చూశాను. అడ్డతీగ నారతో పేనిన తాడుతో ఇరుసుకి కట్టిన కర్ర గంట.

"నువ్వా కట్టినావు తాతా?"

"నానే బాబూ. నువ్వు నిద్దరోతన్నావు. అడివిలో తిరిగే గొడ్డుకి గంట కట్టకపోతే ఎలాగ? తప్పిపోతే ఏటి సేత్తావు? సప్పుడు ఆగిపోనాదని నానే ఎతుక్కుంటా వచ్చినాను."

పదేళ్ళు ఎడ్ల వెనక నడిచిన చెవులు నావి. గంటని పిస్టనన్నాను.

నాయుడుగారు నన్ను తిట్టలేదు. అందుకే భయమేసింది. కారెక్కి కూర్చుని, "అప్పన్నా, ఎడ్లు కట్టు," అన్నారు, అంతే.

నేను తాత ఎడ్లని కారుకి కట్టి తోలాను. పాచిపెంట సంతలో అందరూ లేచి నిలబడి చూశారు. "ఏటప్పన్నా, కొత్త ఇంజనా?" అని అడిగారు.

ఆ గంట తాత నాకే ఇచ్చేశాడు. ఇప్పుడు నా బండి ఎద్దు మెడలో ఉంది. దాని మీద ఒట్టేసి చెబుతున్నాను, ముందు వంగి కింద చూడకుండా ఈ జన్మలో ఏ ఇంజనూ విప్పను. నాయుడుగారు మరే ఇంజనూ నా చేతికివ్వలేదు కాబట్టి, ఆ ఒట్టు ఇంతవరకు తప్పలేదు.