ఎర్రదారం కొస

కాజాలు కుట్టడం ఎవరు నేర్పేరని ఫోన్లో అడిగేవు కదే అమ్మలూ, మా అమ్మే నేర్పినాది, సీపురుపల్లిలో అరుగు మీద కూకోబెట్టి. అదంత కథేం కాదు. నేను పిల్లలకి నేర్పినప్పుడు ఒకటి జరిగినాది, అది సెప్తాను. తమ్ముణ్ణి కూడా పిలు, ఇంటాడు.

అరవైల ఆఖర్లో మీ తాతగారికి నౌపడ దగ్గర ఉప్పుమళ్ళ కాడ ఉద్యోగం. అక్కడి బడిలో సిన్నపిల్లలకి కుట్టుపని నేర్పమని నన్నడిగేరు. మధ్యాన్నం పూట బడి ఎనకాల తాటాకు పాకలో, ఇసక మీద గోనెపట్టాలు పరుసుకుని కూకునేవోళ్ళం. సూదులు తక్కువ, పిల్లలెక్కువ. ఇద్దరికో సూది, వంతులేసుకుని కుట్టాలి.

మన ఇళ్ళల్లో సూది సేతికియ్యరు కదా, తగువొస్తాదని. కింద పెడితే అవతలోళ్ళు తీసుకుంటారు. రైతుల పిల్లలూ అంతే, సముద్రం మీదకెళ్ళేవోళ్ళ పిల్లలూ అంతే. నాకూ అదే అలవాటు. ఇసక మీద అలగ పెట్టకూడదని మాలో ఎవరికీ తోచలేదు.

సేపలు పట్టే ఇంటి గుంట ఒకర్తి ఉండేది. తల్లి సేపల గంపెత్తుకుని సంతకెళ్తే, పాకే తమ్ముణ్ణి సంకనేసుకుని బడికొచ్చీది. ఆవేళ వాణ్ణి పక్కన కూకోబెట్టి, ఎర్రదారంతో గొలుసు కుట్టు కుట్టినాది. తన వంతయ్యేక సూది కిందెట్టినాది. జతపిల్ల ఇటు తిరిగినాది.

"సూదేదే?"

"నీ ముందరే ఎట్టేను, సూడు."

"ఏటి సూసీది? నీ మొకం ఉన్నాదిక్కడ!"

పిల్లలు కిసకిసా నవ్వేరు. నేనూ నవ్వేను. అంతలో సంటోడి పెదాల మధ్యనుంచి ఎర్రదారం కొస ఏలాడతన్నాది సూసేను.

"లాగీ పంతులమ్మా, లాగీ!" అని అక్క ఏడుపు.

"ముట్టుకోకే!" అన్నాను. అవతల కొసకి సూదుంటే? లాగితే గొంతులో దిగబడిపోదా? లాగకపోతే మింగీడా? వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఒక సేత్తో దవడలు నొక్కి పట్టి, రెండో సేత్తో ఆ కొస పట్టుకున్నాను. లాగలేదు, ఒదల్లేదు. వాడు గుటకేసినప్పుడల్లా దారం కొంచెం లోపలికి జారీది. నా ఏళ్ళకి తెలిసీది.

ఒక పెద్దపిల్లని తాతగారి కోసం లగెత్తమన్నాను. ఇంకోర్తిని సంటోడి నాయినమ్మ కోసం పంపేను. మిగతా పిల్లలు కూకున్నసోటే ఇసక ఎతుకుతన్నారు. దొరికిందని ఒక్కరూ అనరు.

నాయినమ్మ ఎండుసేపలు ఆరబెట్టే కాడనుంచి పరిగెత్తుకొచ్చినాది. "ఓలమ్మో! సంటిగుంటడి పానం తీసి ఏటి కుడతారే, పట్టుసీరలా?" అనుకుంటా, నేను వద్దనేలోపే వాడి గొంతులో ఏలెట్టీసినాది. వాడు భళ్ళున కక్కినాడు. దారమంతా వచ్చీసినాది. కొస తడిసి పీచుపీచుగా ఉన్నాది. సూది లేదు.

దారమొక్కటే నోట్లో పెట్టుకున్నాడో, సూది ఊడి లోపలికి పోనాదో!

తాతగారు బండి కట్టించి టెక్కలి తీసుకెళ్ళేరు. నేనూ, నాయినమ్మా ఎళ్ళేం. డాక్టరు కడుపు నొక్కి సూసి, ఇక్కడేటీ తెలీదు, శ్రీకాకుళం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించమన్నాడు. మేం తిరిగొచ్చీసరికి తల్లి సంతనుంచి వచ్చి ఆళ్ళ గుడిసె గుమ్మంలో నిలబడున్నాది. వాణ్ణి సూసి సేతులు సాపితే, వాడు నవ్వుకుంటా దూకినాడు.

"ఆడతన్నాడు కదమ్మా," అన్నాది.

"ఆడినా సరే, రేపు పొద్దున్నే రైలుకెల్దాం. నేనూ వస్తాను."

సరేనన్నాది. తెల్లారి నేనెళ్ళేసరికి గుడిసె తడిక తాడేసి కట్టీసున్నాది. పక్కింటావిడ వల దులుపుకుంటా సెప్పినాది: "పూరీ ఒడ్డుకి సేపల ఏటకెళ్ళిపోనారమ్మా. ఆళ్ళ జట్టు పడవలన్నీ కదిలితే ఈళ్ళొక్కరూ ఆగుతారేటి?"

"సంటోడో?"

"తల్లి సంకలో ఉన్నాడు. ఏడస్తన్నాడు."

"ఎందుకూ?"

"సంటిపిల్లలు ఎందుకేడస్తారో నన్నడిగితే ఏటి సెప్పీది తల్లీ?"

ఆరోజే పాకలో ఇసకంతా జల్లెడ పట్టించేను. పూసలు దొరికేయి, గవ్వలు దొరికేయి. సూది దొరకలేదు. ఇకమీదట సూది సేతికే ఇచ్చుకోండి, తగువొస్తే నేను సూసుకుంటానని పిల్లలకి సెప్పేను. ఆళ్ళు తిరిగొచ్చీలోపే మీ తాతగారికి బదిలీ అయిపోనాది. తరవాత ఆ వైపోళ్ళు ఎవరు కనబడినా అడిగేదాన్ని. ఏ గుంటడమ్మా, ఎవరి పిల్లడూ అనీవారు.

ఉంటే వాడికిప్పుడు మనవలుంటారు. ఆ సూది ఇసకలోనే ఉండిపోనాదా, వాడితో పాటు పూరీ ఎళ్ళిపోనాదా?