జరిగిందా గారు

మా అమ్మమ్మ రేడియోలో వార్తలు చదివేది. ఆవిడ గొంతు వినబడితే పాలు పొంగుతున్నా జనం పొయ్యి దగ్గరికి వెళ్లేవారు కాదట. ఈ మాట చెప్పింది ఆవిడే కాబట్టి నేను పూచీ పడను. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ రిటైరైపోయి, మందుసీసాల మీది రాతల్ని అదే గొంతుతో చదువుతోంది. "పిల్లలకు అందకుండా ఉంచవలెను" అని ఆవిడ చదివితే ఎక్కడో ప్రభుత్వం పడిపోయినట్టు ఉండేది.

ఆవిడ రేడియో ఆఫీసులో చేరింది టైపిస్టుగా. ఒకరోజు వార్తలు చదివే పెద్దమనిషికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. మంచినీళ్లు తాగించారు, వీపు మీద చరిచారు, తగ్గలేదు. టైపు చేసిన మనిషే చదివేస్తే పోతుంది కదా అని ఆవిడని మైకు ముందు కూర్చోబెట్టారు. మళ్లీ లేవలేదు.

చేరిన కొత్తలోనే ఒక అప్రతిష్ఠ మూటగట్టుకుంది. సాయంత్రం కొత్త వంతెన ప్రారంభమవుతుందని మధ్యాహ్నమే వార్త రాసి ఇచ్చారు. వంతెనని ప్రారంభించారని, ప్రజలు హర్షం వెలిబుచ్చారని ఈవిడ చక్కగా చదివేసింది. అక్కడేమో కుండపోత వాన, ప్రారంభం వాయిదా. రేడియో విని వంతెన దాటుదామని సైకిలు మీద వెళ్లిన ఒకాయన, తడిసి ముద్దయి నేరుగా రేడియో స్టేషనుకే వచ్చి ఈవిడ ఎవరో చూపించమన్నాడట. ఆనాటి నుంచి ఏ కాగితం చేతికిచ్చినా మొదటి మాట "జరిగిందా?" అనే. ఆఫీసులో ఆవిడ పేరు మరిచిపోయి అందరూ 'జరిగిందా గారు' అనేవారు. ఇంట్లోనూ అంతే. నేను పరీక్ష పాసయ్యానని చెప్పినప్పుడల్లా అదే ప్రశ్న వేసేది. ఆవిడ అనుమానం ఎప్పుడూ వమ్ము కాలేదు.

చదువుకీ నాకూ పొసగక డిగ్రీ మధ్యలోనే విడిపోయాం. ఇప్పుడు ఒక వీడియో గేమ్ కంపెనీలో, ఆటని ఆడి అందులో తప్పులు పట్టే పని నాది. కంపెనీ అంటే టైర్ల షాపు మీద మూడు గదులు. వాళ్లు తయారుచేస్తున్న ఆటలో ఓ పాతకాలం నగరం ఉంటుంది. అందులో ఎక్కడికైనా తిరగొచ్చు, కనబడిన కారల్లా ఎక్కి తోలొచ్చు. కారులో రేడియో మీట తిప్పితే ఒకచోట పాటలు, ఒకచోట ప్రకటనలు, ఒకచోట వార్తలు. ఆ కాలపు గొంతు ఎక్కడ దొరుకుతుందా అని మా యజమాని తల పట్టుకుంటే, మా ఇంట్లో ఒకటి ఖాళీగా ఉందని చెప్పాను.

అమ్మమ్మ ఆ వారమంతా నేల మీద నడవలేదు. పళ్లసెట్టు వదులైందని డాక్టరు దగ్గరికెళ్లి బిగించుకుంది, 'స' అన్నప్పుడు ఈల రాకూడదని. ఆటలోని రేడియోలో ఆవిడకి వేరే పేరు పెడతామన్నా అభ్యంతరపెట్టలేదు. పెళ్లికే ఇంటిపేరు మార్చుకున్నదాన్ని, మైకు కోసం అసలు పేరు మార్చుకోలేనా అంది.

స్టూడియోలో ముందు పాటల ప్రకటనలు చదివించారు. పాతకాలం పాటలన్నీ మా పాటల కుర్రాడు ఈ ఏడే కట్టినవి. కట్టిన పాటకి గీతలుపడ్డ రికార్డు చప్పుడు కలిపి ముసలిదాన్ని చేస్తాడు. మా రోజుల్లో దుమ్ము తుడవడానికే ఒక మనిషి ఉండేవాడు, మీరు దుమ్ము పోయడానికి మనిషిని పెట్టుకున్నారా అని అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. అయినా పాట వినిపించమంది, విని తల ఊపింది, ప్రకటన చదివింది. పాట ఉంది కాబట్టి పేచీ లేదు.

తర్వాత వార్తల కాగితం ఇచ్చారు. నగరం నడిబొడ్డున ఉన్న బ్యాంకుని గుర్తు తెలియని వ్యక్తి దోచుకుని పారిపోయాడని మొదటి వార్త. అమ్మమ్మ కళ్లజోడు తీసేసింది.

"ఇది జరిగిందా బాబూ?"

"ఆటలో జరుగుతుంది మామ్మగారూ," అన్నాడు యజమాని.

"జరుగుతుందంటే ఇంకా జరగలేదుగా."

"ఎవరైనా ఆడినప్పుడు జరుగుతుందండీ."

"అయితే అప్పుడు కబురు పెట్టండి, వస్తాను."

ఇది నాటకంలాంటిదేనని ఆయన నచ్చజెప్పబోయాడు. నాటకాలకి నాటకాల వాళ్లుంటారు, నేను వార్తల మనిషిని అంది. ఆయన నన్ను బయటికి తీసుకెళ్లి, రేపు సాయంత్రంలోగా మామ్మగారు చదవకపోతే కంప్యూటరు గొంతుతో కానిచ్చేస్తానని మెత్తగానే చెప్పాడు. ఆ సంగతి బస్సులో అమ్మమ్మ చెవిన వేశాను. దారిలో కనబడ్డ ప్రతి బోర్డూ పైకి చదివే మనిషి, ఆ రోజు ఒక్కటీ చదవలేదు.

ఇంటికొచ్చాక అంది, "నాకు మాత్రం చదవాలని లేదనుకున్నావట్రా? పళ్లు కూడా బిగించుకుని వచ్చానే."

మర్నాడు పొద్దున్నే ఆవిడని మళ్లీ కంపెనీకి లాక్కెళ్లి నా కుర్చీ పక్కన కూర్చోబెట్టాను. "నీ కళ్లెదుటే బ్యాంకు దోచేస్తాను, జరిగాకే చదువు," అన్నాను. ఆలోచించి, సరే కానియ్ అంది.

ఆటలో కారు ఎక్కాను. ఎర్రదీపం పడింది, అమ్మమ్మ ఆగమంది. దోపిడీకి వెళ్తూ ఎర్రదీపం దగ్గర బుద్ధిగా ఆగిన దొంగని నేనొక్కణ్ణే అయ్యుంటాను. బ్యాంకులో పని సవ్యంగానే అయింది, మొదటి మలుపులోనే పోలీసులు పట్టుకున్నారు. అమ్మమ్మ వెంటనే కలం అడిగి, కాగితం మీద 'పారిపోయాడు' కొట్టేసి 'పట్టుబడ్డాడు' అని దిద్దింది. దొంగ తప్పించుకుంటేనే ఈ వార్త వినబడుతుందండీ అని యజమాని మొత్తుకున్నాడు. మళ్లీ దోచాను. ఈసారి మలుపులో భయపడి నా మోచెయ్యి పట్టుకుంది, గోడకి గుద్దేశాను. మూడోసారి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చోమని బతిమాలి, బజారు సందులోంచి దూసుకెళ్లి ఊరు దాటేశాను. వెనక నిలబడి చూస్తున్న పాటల కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

"ఆ బండివాడికి ఏమైంది?" అంది అమ్మమ్మ.

"ఏ బండివాడు?"

"సందులో నువ్వు గుద్దినవాడు. వెనక్కి పద."

వెళ్లాను. పండ్లబండి పక్కన ఒకాయన మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. అమ్మమ్మ ఆయన్ని తేరిపార చూసి, ఈ హడావుడిలో ఒక పండ్ల వ్యాపారి గాయపడ్డాడని కాగితం మీద చేర్చింది. ఆడేవాళ్లందరూ ఆయన్ని గుద్దరు కదండీ అన్నాడు యజమాని. గుద్దనివాళ్లకి ఆ వాక్యం లేకుండా ఇంకొకటి చదువుతానంది. ఆయనకి అది నచ్చింది. నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆ ఇంకొకటి కూడా జరగాలిగా. ఎవరినీ గుద్దకుండా బ్యాంకు దోచడానికి నాకు మధ్యాహ్నం దాటింది.

అప్పుడు వెళ్లి మైకు ముందు కూర్చుంది. రెండు వార్తలూ ఒక్క ఊపున చదివింది, ఎక్కడా తడబడలేదు, ఈల రాలేదు. 'గాయపడ్డాడు' అన్నచోట గొంతు కాస్త దించింది. నేనే చేసిన పని ఆ గొంతులో వింటుంటే, లేచి వెళ్లి నన్ను నేనే పోలీసులకి పట్టించాలనిపించింది. చదివాక యజమాని మిగిలిన వార్తల కట్ట తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

పడవ మునక, రైలు ఆపివేత, గోదాములో మంటలు, అన్నీ అందులో ఉన్నాయి. అన్నీ నేనే చెయ్యాలి, ఆవిడ చూడాలి, ఆ తర్వాతే చదవాలి. ఇప్పుడు రోజూ నాకంటే ముందే తయారై గుమ్మంలో నిలబడుతోంది. ఆఫీసుకి రాగానే సంచీ కుర్చీకి తగిలించి, కళ్లజోడు తుడుచుకుంటూ అడుగుతుంది.

"ఇవాళ ఏం తగలబెడతావురా?"

"గోదాము."

"లోపల మనుషులెవరూ లేకుండా చూసుకో నాన్నా. చదవడం నాకు కష్టంగా ఉంటుంది."