ఫోనులో చెప్పిన రేటు

సూర్యాపేట కిరాణా కొట్లలో ధరలు అడిగి సర్కారుకు రాసి పంపడం ఊర్మిళ ఉద్యోగం. కందిపప్పును వేళ్ల మధ్య నలిపి చూడనిదే ధర అడగని మనిషి, లాక్‌డౌన్‌లో ఫోనుకు అతుక్కుపోయింది. "నూనె పాత రేటే మేడం," అనేవాడు శశిధర్ సేటు. పక్కింటి ఉప్పలమ్మేమో అదే కొట్లో ప్యాకెట్‌కు నలభై ఎక్కువిచ్చి తెచ్చుకుంటోంది. ఒళ్లు మండి, ఓ పొద్దున ఊర్మిళ మాస్కు కట్టుకుని కొట్టు వరుసలో ఉప్పలమ్మకు ముందు నిలబడింది. ఆమె నోరు తెరవగానే గొంతు గుర్తుపట్టి సేటు నూనె ప్యాకెట్ పాత రేటుకే ఇచ్చాడు. ఉప్పలమ్మ దగ్గర మాత్రం నలభై ఎక్కువే తీసుకున్నాడు.

"గిదేంది సేటూ, రెండు రేట్లా?"

"మీరు రాసుకునేటోళ్లు మేడం. ఆమె కొనుక్కునేటామె."

"నాకూ ఆమె రేటుకే ఇయ్యి. గదే రాస్త," అంది ఊర్మిళ, ప్యాకెట్ తిరిగి బల్ల మీద పెడుతూ.

ఉప్పలమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. "రాసుడు తర్వాత బిడ్డా, జర నీ రేటుకు నాకిప్పియ్యరాదు!"